డోవర్‌లో దిగే పెట్టెల గురించి రాబర్ట్ గేట్స్ గారికి

డోవర్, డెలావేర్
ఫిబ్రవరి 2009

అమెరికా రక్షణ మంత్రి గారికి,

యుద్ధంలో చనిపోయినవాళ్ల శవపేటికలు ఇక్కడి డోవర్ ఎయిర్‌బేస్‌లో దిగుతుంటే ఫొటోలు తీయకూడదన్న నిషేధాన్ని మళ్లీ పరిశీలిస్తున్నామని ఈ నెల 10న మీరన్నారు. అది విని రాస్తున్నాను.

ఆ ఎయిర్‌బేస్ పక్కనుంచే రోజూ ఆఫీసుకు వెళ్తాను. రూట్ 1 మీద కారు పోతుంటే ఒక్కోసారి సీ-17 విమానం నెత్తిమీదుగా, చక్రాలు కనిపించేంత కిందుగా దిగుతుంది. అందులో సామాన్లున్నాయో, ఎవరి కొడుకున్నాడో తెలియదు. రేడియో ఆపేస్తాను. అంతకంటే ఏం చేయాలో తోచదు.

మా తెలుగువాళ్లం పెళ్లికైతే పిలిస్తేనే వెళ్తాం, చావుకు పిలుపు అక్కర్లేదు. 1999లో కార్గిల్ నుంచి జవాన్లు పెట్టెల్లో సొంతూళ్లకు వస్తుంటే టీవీల్లో చూసి, వాళ్ల ముక్కూ ముఖం తెలియనివాళ్లు కూడా ఏడ్చారు. ఇక్కడ ఒక్క ఇరాక్‌లోనే 4,200 మందికి పైగా పోయారు.

కుటుంబాల ప్రైవసీ కోసమే ఈ నిషేధం అంటారు మీవాళ్లు. 2004లో కువైట్‌లో ఒక కాంట్రాక్టు ఉద్యోగిని తీసిన ఫొటో సియాటిల్ టైమ్స్‌లో వచ్చింది కదా, అదొకసారి చూడండి. విమానంలో జెండాలు కప్పిన పెట్టెలు వరసగా ఉంటాయి. ఏది ఎవరిదో చెప్పలేం. మరి ఎవరి ప్రైవసీ పోయింది? పోయినవల్లా ఆమె ఉద్యోగం, ఆమె భర్త ఉద్యోగం.

అసలు కథ 1989లో మొదలైంది. పనామా మీద అమెరికా చేసిన దాడిలో చనిపోయిన సైనికుల పెట్టెలు డోవర్‌లో దింపుతుంటే, అదే టైమ్‌కి అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్ గారు విలేకరులతో జోకులేస్తున్నారు. టీవీవాళ్లు రెండూ పక్కపక్కనే చూపించారు. 1991లో గల్ఫ్ యుద్ధం వచ్చేసరికి, మీ కుర్చీలో డిక్ చెనీ ఉండగా, కెమెరాలకు గేటు మూసేశారు. ఎవరి పరువు కోసమో వేరే చెప్పక్కర్లేదు. (వాటిని శవపేటికలు అనకూడదట కూడా, 'ట్రాన్స్‌ఫర్ కేసు'లట. ఐసు నింపిన అల్యూమినియం పెట్టెకు ఎంత మెత్తటి పేరు!)

నేను కోరేది ఒకటే, ఇంటివాళ్లను అడగండి. ఆ తల్లి వద్దంటే కెమెరా గేటు బయటే ఉండాలి, అందులో వాదన లేదు. సరే అంటే మాత్రం మధ్యలో పెంటగాన్ ఎందుకు? ఒకే విమానంలో అయిదు పెట్టెలొచ్చి ఒకరు వద్దంటే, ఆ ఒక్కటి దింపేటప్పుడు కెమెరాలు కిందికి దించమనండి. టెక్సాస్ నుంచో ఒరెగాన్ నుంచో ఆ తల్లి ఇక్కడికి వస్తానంటే టికెట్టు కూడా మీరే పెట్టుకోండి.

ఇట్లు,
డోవర్‌లో ఉంటున్న ఒక తెలుగువాడు