పాత లారీ కొన్నవాడే దొంగా?

అయ్యా,

అనుమతి లేని మార్పులు చేసిన లారీ యజమానులపై కేసులు రాస్తున్నారంటూ పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. రాయాల్సిందే. అయితే ఆ మార్పులు చేసిన యజమాని ఎవరు, తనిఖీలో దొరికిన యజమాని ఎవరు అన్నది మీ విలేకరీ అడగలేదు, అధికారులూ చెప్పలేదు. తాడిపత్రి నుంచి బండలు, సిమెంటు తోలుకునే మా బోటివాళ్లలో కొత్త లారీ కొనగలిగేది ఎందరు? రెండు మూడు చేతులు మారిన బండే మాకు దిక్కు.

నేను కొన్న పది చక్రాల లారీ సంగతే చెబుతాను. బీఎస్-4 కాలుష్య ప్రమాణాల ప్రకారం తయారైన బండి అది. దానికి డీజిలు ట్యాంకు పక్కనే, పొగలోని విషవాయువులను తగ్గించే యూరియా ద్రవం పోసే ట్యాంకు ఉంది. డ్యాష్‌బోర్డులో దాని ముల్లు ఎప్పుడు చూసినా ముప్పావు దగ్గరే. మూత తీయిస్తే లోపల చుక్క లేదు, అడుగున తెల్లగా గడ్డకట్టిన పొర తప్ప. మెకానిక్ ఫ్యూజుల మూత విప్పి, వైర్ల గుత్తిలో నల్ల టేపు చుట్టి దాచిన అగ్గిపెట్టెంత పెట్టెను బయటికి లాగాడు. దాని మీద పేరు లేదు, కంపెనీ ముద్ర లేదు. ట్యాంకులో ద్రవం ఉందని, అంతా సక్రమంగా పనిచేస్తోందని ఇంజిను కంప్యూటర్‌కు అబద్ధం చెప్పడమే దాని ఉద్యోగం. అది లేకపోతే, ద్రవం అయిపోయాక కంప్యూటర్ ఇంజిను బలం తగ్గించేస్తుంది. వంద లీటర్ల డీజిలుకు నాలుగైదు లీటర్ల ద్రవం ఖర్చు మిగుల్చుకోవడానికి పాత ఆసామి చేసిన ఘనకార్యం ఇది! వెనక బరువు మోసే కమాను పట్టీల్లో కంపెనీవి కానివి రెండు ఉన్నాయి. డ్రైవరు సీటు కింద దేనికో తెలియని స్విచ్చు ఒకటి ఉంది. గంటకు 80 కిలోమీటర్లు దాటనివ్వని పరికరాన్ని నిద్రపుచ్చడానికి పెట్టిన స్విచ్చట అది.

ఇవన్నీ మోస్తూనే ఆ లారీ ఫిట్‌నెస్ పరీక్షల్లో నెగ్గుతూ వచ్చింది. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా జరిగే ఆ పరీక్షల్లో ఏమి చూస్తారో ఆ దేవుడికే తెలియాలి. పొగ సర్టిఫికెట్ ఇచ్చే యంత్రం పొగ ఎంత చిక్కగా ఉందో కొలుస్తుందే గానీ నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువుల జోలికి పోదు. యూరియా ద్రవం ఉన్నదే వాటిని తగ్గించడానికి! వెనకటి బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు బండి కింద దూరి చూసేవారు, తామే కొంతదూరం నడిపి చూసేవారు. ఇప్పుడు ఆటోమేటిక్ పరీక్ష కేంద్రాలంటున్నారు. బ్రేకులు, లైట్లు యంత్రమే చూస్తుందట, బాగుంది. వైర్ల గుత్తిలో పెట్టడానికి యంత్రానికి చెయ్యేదీ?

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 సవరణలో చేర్చిన 182ఎ సెక్షను ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అంది. అదీ మార్పు చేసిన యజమానికి. రోడ్డు మీద బండి ఆపినవారికి ఆ తేడా ఎందుకు? ఆర్సీలో ఎవరి పేరుంటే వాడే నేరస్థుడు. ఇలాంటి పెట్టెలు ఆన్‌లైన్‌లో బాహాటంగా అమ్ముతున్నవారి జోలికి ఎవరూ వెళ్లరు. చెవులు చిల్లులు పడే గాలి హారన్లు దుకాణాల్లో వేలాడదీసి అమ్ముతున్నా అంతే. బిగించుకున్న డ్రైవరు మాత్రం దొరికిపోతాడు.

పేరు మార్పిడికి 29, 30 ఫారాలు అడుగుతారు, బీమా అడుగుతారు, పొగ సర్టిఫికెట్ అడుగుతారు. బండిని మాత్రం ఎవరూ అడగరు. చేతులు మారేటప్పుడే ఇంజిను కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి, కింద దూరి చూసి, ఏయే మార్పులున్నాయో కాగితం మీద రాసి అమ్మేవాడి సంతకం తీసుకోండి. చూసిన అధికారి పేరు కూడా అందులో ఉండాలి. ఆ తర్వాత నా బండిలో కొత్తగా ఏదైనా దొరికితే ఐదు వేలు కాదు, పది వేలు రాయండి. మారు మాట్లాడకుండా కట్టి పోతాను.

– ఒక లారీ యజమాని, తాడిపత్రి, అనంతపురం జిల్లా