విరగ్గొట్టి చూడు

అమ్మలూ,

నిన్న నువ్వు పంపిన నీ వెల్డింగ్ ఫోటోకి "బాగుందిరా" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. మురిసిపోయిన మాట నిజమే. కానీ రాత్రి దాన్నే పెద్దది చేసి మళ్లీ చూశాను. ఫోన్లో చెబితే సగంలోనే వాదనకు దిగుతావు కాబట్టి ఈ ఉత్తరం.

నీ బీడ్, అదే అతుకు మీద గడ్డకట్టిన లోహపు చార, ప్లేటు మీద తాడు పరిచినట్టు ఉబ్బుగా ఉంది. అంచులు గమనించు. ఇరుపక్కలా ప్లేటులో కలిసిపోకుండా గట్టులా నిలబడ్డాయి. అంటే అతుకు నింపే పూత కమ్మీ, రాడ్, కరిగింది గానీ కింది ఇనుము కరగలేదు. వెల్డింగంటే జిగురు పెట్టి అంటించడం కాదు కదా. ఈ ముక్క అంచు, ఆ ముక్క అంచు, రాడ్, మూడూ కరిగి ఒకే మడుగై గడ్డకట్టాలి. నీ దాంట్లో కరిగింది రాడ్ ఒక్కటే.

ఇది నాకెలా తెలుసో చెబుతాను. నీ గడ్డం కింద చిన్న గీత ఉంది చూడు, నాలుగేళ్లప్పుడు స్టూలు ఒరిగి పడ్డావని చెబుతుంటామే, అది. స్టూలు ఒరగలేదు తల్లీ, కాలు ఊడింది. నేను మెషిన్ కొన్న మొదటి నెలలో చేసిన స్టూలది. అతుకులన్నిటినీ గ్రైండర్ పట్టి నున్నగా చేసి, నల్ల రంగు వేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఊడిన కాలు చేతిలోకి తీసుకుంటే, పైపును కోసిన అంచు కోసినట్టే ఉంది, హాక్సా బ్లేడు గీతలతో సహా. అతుకుకు బలమంటూ ఉంటే పైన ఉన్న ఆ కాస్త లోహానిదే, దాన్ని కూడా అందం కోసం నేనే గీకేశాను. ఆ కాలు ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలో ఉంది.

అందుకని ఈ వారం కొత్తగా ఏదీ చేయకు. ఐదారు మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు ముక్కలు తీసుకుని ఒకదాని మీద ఇంకొకటి నిలువుగా పెట్టు. ఒక్క పక్కనే అతుకు వెయ్యి. పూర్తిగా చల్లారాక అడుగు ముక్కను వైస్‌లో బిగించి, అతుకు లేని పక్క నుంచి నిలువు ముక్కను సుత్తితో కొట్టు, అది అతుకు మీదికి మడత పడేలా. అతుకు తెగకుండా ప్లేటే వంగిపోతే సంతోషం. తెగితే, తెగిన చోట మూల దాకా చూడు. నిలువు ముక్క అంచు చెక్కుచెదరకుండా సన్నటి గీతలా కనిపిస్తే అక్కడ కలయిక లేదు. బూడిద రంగులో గరుకుగా ఉంటే అక్కడ పట్టిందని అర్థం. చిన్న చిన్న గుంటలుంటే గాలి చిక్కిందన్నమాట, నల్లటి గాజుపెంకుల్లా ఉంటే చిట్టెం, అంటే రాడ్ పూత కరిగి మిగిలిన మడ్డి. ఈ చిట్టెం అనే మాట నాకు ఇష్టం. అందరూ స్లాగ్ అంటారు గానీ, కొలిమి దగ్గర పనిచేసినవాళ్ల నోట ఉన్న మాట ఇదే.

కరెంటు ఎంత పెట్టావన్నదానికి 60 అన్నావు. 2.5 మిల్లీమీటర్ల 6013 రాడ్‌కి 60 నుంచి 90 ఆంపియర్ల దాకా నడుస్తుంది. 60 పలుచని రేకులకు సరిపోతుంది, ఐదు మిల్లీమీటర్ల ప్లేటుకు చాలదు. 80, 85 పెట్టు. మరీ ఎక్కువైతే రాడ్ సగానికి వచ్చేసరికే ఎర్రబడుతుంది, అతుకు పక్కన ప్లేటు కోసుకుపోయి కాలువ పడుతుంది. మెషిన్ రెండో తీగను ప్లేటుకు పట్టించే ఎర్త్ క్లాంప్ కింద తుప్పో రంగో ఉంటే ఎంత పెట్టినా దండగే, తళతళలాడే దాకా గీకు. అన్నట్టు, ఆ 6013ని నేను ఏడాది పాటు కంపెనీ మోడల్ నంబరు అనుకున్నాను! మొదటి రెండంకెలు బలం. గడ్డకట్టిన లోహం చదరపు అంగుళానికి కనీసం 60 వేల పౌండ్ల లాగుడు తట్టుకుంటుందని. తర్వాతి 1 అంటే ఏ భంగిమలోనైనా, తల పైన కూడా, వేయొచ్చని. చివరి అంకె పై పూత రకానికి గుర్తు. ఆ పూత కాలి పొగై మడుగును గాలి సోకకుండా కాస్తుంది, మిగిలింది చిట్టెమై పైన కప్పేస్తుంది. గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ తగిలితే అతుకు గుల్లబారి పెళుసెక్కుతుంది.

రాడ్ మొదట్లో అంటుకుపోతుంది, అది అందరికీ మామూలే. మణికట్టు తిప్పి లాగు, రాకపోతే హోల్డర్ విడిచెయ్యి. అసలు కష్టం చూపుది. కొత్తలో అందరం వెలుగునే చూస్తాం. దాని వెనక మెరిసే మడుగు మీద నిలవాలి చూపు. మడుగు అంచులు రెండు ముక్కలనూ తడుపుతున్నాయా లేదా అన్నదొక్కటే చూడు, చెయ్యి దానంతట అదే నెమ్మదిస్తుంది. రాడ్ కొనకూ మడుగుకూ మధ్య దూరం రాడ్ లోపలి కమ్మీ మందమంత. దూరం పెరిగితే చిరచిరమనే శబ్దం కాస్తా బుసకొట్టినట్టు మారుతుంది, రవ్వలు చిందుతాయి. రాడ్ పై కొన నువ్వు వెళ్లే దిక్కుకు పది పదిహేను డిగ్రీలు వాలాలి. లేకపోతే చిట్టెం మడుగును దాటి ముందుకు పరుగెత్తి అతుకు లోపలే చిక్కుకుంటుంది.

ఇక తిట్లు. ఆ ఫోటోలో నీ చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి ఉన్నాయి. రాడ్ కొనకూ ప్లేటుకూ మధ్య మండే కరెంటు మెరుపునే ఆర్క్ అంటాం, దాని వెలుగులోని అతినీలలోహిత కిరణాలకు చర్మం ఎండకు కమిలినట్టే కమిలిపోతుంది. నూలు చొక్కా నిండుగా వేసుకో, పాలిస్టర్ అయితే రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. హెల్మెట్ అద్దం షేడ్, అంటే దాని నలుపు స్థాయి, 10 గానీ 11 గానీ ఉండాలి. దెబ్బ తగిలిన సంగతి కళ్లకు అప్పుడే తెలియదు. కొన్ని గంటల తర్వాత, నడిరాత్రి, ఇసుక పోసినట్టు మండుతాయి. పక్కన నిలబడి ముచ్చటగా చూసే నీ స్నేహితురాలికి కూడా అంతే. చిట్టెం కొట్టేటప్పుడు హెల్మెట్ ఎత్తేస్తావు కాబట్టి దాని కింద రంగు లేని రక్షణ కళ్లద్దాలు కూడా ఉండాలి.

పొగ సంగతి నేను తేలిగ్గా తీసుకున్న ఏళ్లున్నాయి. 2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగ్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. తలుపులు తెరిచి, పొగ నీ మొహం మీదుగా కాక పక్కకు పోయేలా నిలబడు. మాస్క్ పెట్టుకో. జింకు పూత ఉన్న పైపుల జోలికి ఇప్పుడు వెళ్లకు. ఆ తెల్లటి పొగ పీల్చితే సాయంత్రానికి చలీ జ్వరమూ పట్టుకుంటాయి. మూత బిగించిన డబ్బా, ఎప్పుడో నూనె పోసిన డ్రమ్ము, వీటి మీద ఎవరు ఎంత బతిమాలినా రాడ్ పెట్టొద్దు. తడి చేతి తొడుగులతో రాడ్ మార్చకు, ఆర్క్ లేనప్పుడు కూడా హోల్డర్‌లో 60, 80 వోల్టులు ఉంటాయి. పని అయ్యాక అరగంట అక్కడే ఉండు. రవ్వ ఏ మూల దాక్కుందో తెలియదు.

నీకు కుర్చీ చేయాలని ఉందని తెలుసు. ముందు పూలకుండీల స్టాండ్ చెయ్యి. మనిషి కూర్చునేది, ఎక్కి నిలబడేది, బండికి తగిలించేది, ఏదీ ఇప్పుడే వద్దు.

ఆదివారానికి నాకు ఒక ఫోటో కావాలి. విరగ్గొట్టిన ముక్కది, తెగిన పక్క పైకి ఉండేలా. బ్రష్ పట్టకు, రంగు వేయకు. నా స్టూలు కాలు పక్కన పెట్టుకుని చూస్తాను.

నాన్న