పేరైనా అడగలేకపోయిన ఆవిడకు

ఎడమ చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, ఒక్క చేత్తో టైప్ చేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఫోన్ చేసిన వాళ్లందరితో విడివిడిగా మాట్లాడే ఓపిక లేదు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. తలలో రక్తం కారలేదు, సీటీ స్కాన్‌లో ఆ మాట తేలేదాకా ఇంట్లో ఎవరికీ ఊపిరాడలేదు. బస్సులో నాకు వచ్చింది ఫిట్స్. చెయ్యి బలహీనత కూడా ఫిట్స్ తర్వాత కొందరికి వచ్చేదే, ఒకటి రెండు రోజుల్లో పోతుందన్నారు.

కొంతమందికి నా సంగతి తెలియదు, అందుకని చెబుతున్నా. నా మెదడులో కుడివైపు ఏవీఎం, అంటే రక్తనాళాల చిక్కుముడి, ఉంది. మామూలుగా అయితే ధమనుల్లో జోరుగా వచ్చే రక్తం సన్నటి కేశనాళికల గుండా వెళ్లి, ఆ జోరు తగ్గాక సిరల్లోకి చేరుతుంది. నాకు ఆ చోట కేశనాళికలు లేవు. ధమనులు నేరుగా సిరల్లో కలిసిపోయి దారపు ఉండలా చిక్కుపడిపోయాయి. ఆ ఒత్తిడిని తట్టుకునేంత గట్టిగా సిరల గోడలు ఉండవు, అందుకే ఎప్పుడైనా చిట్లవచ్చు అనే భయం. ఫిట్స్ రావడానికీ కారణం ఆ చిక్కుముడే.

"మరి తీయించుకోవచ్చు కదా" అని అందరూ అడుగుతారు. ఆపరేషన్ ఎంత ప్రమాదమో అంచనా వేయడానికి స్పెట్జ్లర్-మార్టిన్ అని ఒక లెక్క ఉంది, 1986 నుంచి డాక్టర్లు వాడుతున్నారు. సైజు మూడు సెంటీమీటర్లు దాటినందుకు నాకు రెండు పాయింట్లు, చెయ్యీ కాలూ కదిలించే భాగంలో ఉన్నందుకు ఒకటి, రక్తం లోపలి సిరల్లోకి పోతున్నందుకు ఇంకొకటి. మొత్తం 4, అంటే గ్రేడ్ నాలుగు. ఆపరేషన్ చేస్తే ఎడమ చెయ్యి, ఎడమ కాలు పోయే అవకాశం ఎక్కువ. గామా నైఫ్ లాంటి రేడియేషన్‌తో ఇంత పెద్దది మూసుకుపోతుందన్న నమ్మకం తక్కువ, ఒకవేళ పనిచేసినా రెండు మూడేళ్లు పడుతుంది, ఈలోగా చిట్లే ప్రమాదం ఎప్పటిలాగే ఉంటుంది. 2014లో అరూబా అని ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఇంకా చిట్లని ఏవీఎం ఉన్నవాళ్లలో ఆపరేషన్, రేడియేషన్ లాంటివి చేయించుకున్న వాళ్లకంటే మందులతో సరిపెట్టిన వాళ్లే పక్షవాతం, మరణం విషయంలో మెరుగ్గా ఉన్నారని తేలింది. కానీ సగటున 33 నెలలే చూశారు, ముప్పై నలభై ఏళ్లు బతకాల్సిన మనిషికి అది చాలదనే డాక్టర్లూ ఉన్నారు. మా డాక్టరుగారు రెండు వాదనలూ నా ముందు పెట్టి, చిట్లే ప్రమాదం ఏడాదికి సుమారు 2 శాతమని, అది ఏటేటా తోడవుతూనే ఉంటుందని కూడా దాచకుండా చెప్పి, నన్నే నిర్ణయించుకోమన్నారు. అన్నీ ఆలోచించుకునే వదిలేశాను. బీపీ చూసుకుంటాను, ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా మానను, డ్రైవింగ్ మానేశాను. ఇది నిర్లక్ష్యం కాదండీ. దీనితో బతకడం కూడా ఒక పనే, రోజూ చేస్తున్నాను.

ఇక అసలు విషయం. బస్సులో నిలబడి ఉన్నాను, ఎడమ చేతి వేళ్లు వాటంతట అవే ముడుచుకోవడం మొదలైంది. పక్కన ఉన్న ఆవిడ చెయ్యి పట్టుకుని "నాకు ఫిట్స్ వస్తోంది" అనగలిగాను, అంతే గుర్తుంది. మిగతాది వేరేవాళ్లు చెబితే తెలిసింది. ఆవిడ నన్ను నెమ్మదిగా కిందికి దించి, తల కింద తన బ్యాగు పెట్టి, పక్కకి ఒత్తిగిలేలా తిప్పి పడుకోబెట్టిందట. ఎవరో నోట్లో స్పూను పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపిందట. కాళ్లూ చేతులూ గట్టిగా పట్టుకోబోయిన వాళ్లను కూడా వద్దందట. ఐదు నిమిషాలు దాటితే ప్రమాదం అని చెప్పి గడియారం చూస్తూ కూర్చుందట.

నాకు తెలివి వచ్చేసరికి చుట్టూ కాళ్లు కనబడ్డాయి, బట్టలు తడిసిపోయి ఉన్నాయి. ఫిట్స్‌లో అలా అవుతుందని నాకు తెలుసు, తెలిసినా ఆ క్షణంలో భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అప్పటికే నా నడుము నుంచి మోకాళ్ల దాకా ఆవిడ శాలువా కప్పి ఉంది. నేను లేచి కూర్చోబోతే ఆవిడ అదే శాలువాను నడుము చుట్టూ తిప్పి, పక్కన గట్టిగా ముడి వేసి, "ఎవరూ చూడలేదమ్మా, నేను అడ్డం కూర్చున్నాను" అని చెవిలో చెప్పింది. ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్లలో స్కాన్ రిపోర్టులు చేతికిచ్చినప్పుడు కూడా అలా ఏడవలేదు నేను. ఆవిడేమీ ఓదార్చలేదు, ముడి జారకుండా పట్టుకుని పక్కనే కూర్చుంది. "మీకు ఇవన్నీ ఎలా తెలుసు" అని అడిగితే "మా తమ్ముడికి ఉండేది" అంది. అంతకు మించి అడగలేకపోయాను.

ఆస్పత్రిలో దింపి వెళ్లిపోలేదు కూడా. మా వాళ్లు వచ్చేదాకా ఉండి, ఒక చీటీ నా చేతిలో పెట్టింది. "9.10 మొదలు. ముందు ఎడమ చేతి వేళ్లు. తర్వాత మొహం ఎడమవైపు. తర్వాత ఒళ్లంతా. 9.13 ఆగింది. 9.20కి పేరు చెప్పింది." మా డాక్టరుగారు అది రెండుసార్లు చదివి, ఇంత వివరంగా రాసిచ్చేవాళ్లు అరుదన్నారు. ఎడమ చేతిలో మొదలైందంటే ఏవీఎం ఉన్న చోటు నుంచే వచ్చిందని, కొత్త కారణం కోసం వెతకాల్సిన పని లేదని, మాత్ర డోసు పెంచితే చాలని తేలింది.

అదే ఆస్పత్రిలో క్యాజువాలిటీలో ఒక డాక్టరు అందరి ముందూ "ఇంతది తలలో పెట్టుకుని ఆపరేషన్ ఎందుకు చేయించుకోలేదు" అని గద్దించారు. నాకు నాలుక ఇంకా తిరగడం లేదు. "ఫైల్లో రాసి ఉంటుంది కదండీ, చూడండి" అని ఆవిడే అంది. చెప్పకుండా ఉండలేకపోతున్నాను, ఆపరేషన్ జోలికి పోకూడదని నిర్ణయించుకున్నాక మాలాంటివాళ్లం ఎవరి పేషెంట్లమో ఎవరికీ తెలియదు. సర్జరీ వాళ్లను అడిగితే ఆపరేషన్ లేదుగా, న్యూరాలజీకి వెళ్లండి అంటారు, న్యూరాలజీ వాళ్లు ఫిట్స్ వరకే మేము అంటారు, తలనొప్పి ఎక్కువైతే అది మామూలు తలనొప్పో కాదో అడగడానికి ఒక ఫోన్ నంబరు లేదు. ఒక చోట తీసిన స్కాన్ సీడీ ఇంకో చోట తెరుచుకోదు. ఇన్సూరెన్స్ వాళ్లకేమో ఇది ముందునుంచీ ఉన్న జబ్బు. వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి కథ చెప్పుకోవాలి, అదీ మాట సరిగ్గా రాని స్థితిలో. దీన్ని కనిపెట్టుకుని చూడాలని కాగితం మీద రాసేవాళ్లు, చూసేది ఎవరో కూడా రాస్తే బాగుండు.

అమ్మ, మా ఆయన, చెల్లి, వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, ఉన్నారు.

ఆ చీటీ రాసిన ఆవిడ ఎవరికైనా తెలిస్తే దయచేసి నాకు చెప్పండి. అమ్మా, మీ శాలువా ఉతికి పెట్టాం. మీకు ఇవ్వాలి, ఒకసారి మీ పక్కన కూర్చోవాలి.

బస్సు డ్రైవరుగారికి కూడా నా కృతజ్ఞతలు, రూటు వదిలేసి నేరుగా ఆస్పత్రికి పోనిచ్చారు, పనులు మానుకుని ఓపికపట్టిన ప్రయాణికులకు కూడా. నా రిపోర్టులు రాత్రికి రాత్రి పూర్తి చేసి మేనేజరుకు పంపేసిన ఆఫీసు ఫ్రెండ్‌కి. పక్క బెడ్ పేషెంటు కూతురికి, ఛార్జరు ఇచ్చినందుకు, మా అమ్మను బలవంతంగా కాసేపు పడుకోబెట్టినందుకు. అయ్యో, రాత్రి డ్యూటీ నర్సమ్మను మర్చిపోయాను, గంటగంటకీ లేపి కళ్లల్లో టార్చి వేసి చూస్తూ ప్రతిసారీ "సారీ అమ్మా" అన్నారు. సీటీ స్కాన్ రూములో నా చెవికమ్మలు తీసి కాగితంలో చుట్టి జాగ్రత్తగా మా చెల్లికి అందించిన అబ్బాయికి కూడా.