ఖాతాలు ఎన్నో కాదు, ఎవరి దగ్గర ఎంతో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతాలు కోట్లలో పెరిగాయని, చిన్న ఊళ్ళవాళ్ళు కూడా షేర్ మార్కెట్లోకి వచ్చేశారని తరచూ వార్తలు చదువుతున్నాం. మా తాడిపత్రిలోనూ కుర్రోళ్ళు ఫోన్లో షేర్లు కొంటున్నారు, కాదనను. కానీ ఒక ఖాతాలో ఐదు వేలు, ఇంకోదాంట్లో ఐదు వందల కోట్లు ఉన్నా ఆ లెక్కలో రెండూ ఒకటే కదా.

బ్యాంకు డిపాజిట్లే చూడండి. 2020 నుంచి ఒక్కో ఖాతాదారుకు ఒక బ్యాంకులో 5 లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంది. 2024 మార్చి నాటికి దాదాపు 98 శాతం ఖాతాలు ఆ హద్దు లోపలే ఉన్నాయి. మరి డబ్బు లెక్కన చూస్తే ఇన్సూరెన్స్ కిందికి వచ్చింది 43 శాతమే. అంటే సగానికి పైగా సొమ్ము మిగిలిన ఆ రెండు శాతం ఖాతాల్లోనే ఉంది. వాటిలో కంపెనీలవీ ఉంటాయి, నిజమే, అయితే కుటుంబాలది ఎంతో విడిగా తేల్చి చెప్పేవాళ్ళే లేరు.

అప్పులు, ఆస్తుల మీద ప్రభుత్వ సర్వే ఉంది కదా అంటారేమో. 2019 సర్వేలో పట్నాల్లో పై 10 శాతం కుటుంబాలకు 55.7 శాతం ఆస్తి, కింది సగం మందికి అంతా కలిపి 6.2 శాతం అని తేలింది. ఇదైనా ఎక్కువగా భూములు, ఇళ్ళ లెక్కే, షేర్లు అందులో కనపడీ కనపడనట్టు ఉంటాయి. ఎట్లా కనపడతాయి! సర్వే వాళ్ళు మా వీధికి వచ్చినప్పుడు పక్కింటి అక్క డ్వాక్రా పుస్తకం తెచ్చి చూపించి, బంగారం కుదువపెట్టి శెనక్కాయ పంటకు తెచ్చిన అప్పుతో సహా అంతా చెప్పింది, వీధి చివర మూడంతస్తుల ఇంట్లో మాత్రం సార్ ఊర్లో లేరని వాచ్‌మన్ గేటు కాడి నుంచే పంపించేశాడు. అట్లాంటి నాలుగు ఇళ్ళు తప్పిపోతే చాలు, పైవాళ్ళ లెక్క మొత్తం తక్కువగా వస్తుంది.

అమెరికాలో అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మూడేళ్ళకోసారి చేసే సర్వేలో పన్ను రికార్డుల ఆధారంగా ధనిక కుటుంబాలను కావాలనే ఎక్కువ మందిని ఎంచుకుంటారు. అందుకే అక్కడ షేర్లు, మ్యూచువల్ ఫండ్లలో 85 శాతానికి పైనే పై 10 శాతం కుటుంబాల చేతిలో ఉన్నాయని గట్టిగా చెప్పగలుగుతున్నారు. మన దగ్గరేమో పరిశోధకులు ఫోర్బ్స్ కుబేరుల జాబితా తెచ్చి సర్వేకు అతుకు వేసుకోవాల్సి వస్తోంది.

సంపద పన్ను 2015 బడ్జెట్లో ఎత్తేశారు, అయితే షేర్లను అంతకు చాలా ముందే దాన్నుంచి తప్పించారు, కాబట్టి ఆ దారినా షేర్ల లెక్క దొరకదు. ఇప్పుడు ఏడాదికి కోటి దాటి ఆదాయం ఉన్నవాళ్ళు ఇన్‌కంటాక్స్ రిటర్నులో ఆస్తుల వివరాలు ఇవ్వాలి, కానీ కొన్న ధరకే. పది రూపాయలకు కొన్న షేరు ఈరోజు రెండు వేలు పలుకుతున్నా అక్కడ పదే. ఈరోజు విలువ ఎంతో డీమ్యాట్ ఖాతాల లెక్కలు ఉంచే డిపాజిటరీ సంస్థల దగ్గర పాన్ నంబర్లతో సహా సిద్ధంగా ఉంది, కొత్తగా ఎవరి తలుపూ తట్టక్కర్లేదు. పేర్లు బయటపెట్టమని నేను అడగట్లేదు. పై 1 శాతం మంది దగ్గర ఎంత, తర్వాతి 9 శాతం దగ్గర ఎంత, కింది సగం దగ్గర ఎంత అని ఏడాదికోసారి ప్రకటిస్తే చాలు.

మీకు ఒక మనవి. ఈసారి డీమ్యాట్ ఖాతాల వార్త వేసేటప్పుడు ఈ మూడు అంకెలు ఏవని షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సెబీని అడగండి, వాళ్ళు ఇవ్వకపోతే ఇవ్వలేదనే వేయండి.

– ఒక పాఠకుడు, తాడిపత్రి, అనంతపురం జిల్లా