ఒక హాఫ్ టికెట్ బాకీ

అందరికీ నమస్కారం. నా పేరు, ఊరు రాయడం లేదు. మా ఆయన మీద గృహహింస కేసు నడుస్తోంది, ఆయన తరఫు వాళ్ళూ ఫోన్లు చూస్తారు. ఇల్లు వదిలి ఏడాది కావస్తున్నా కొందరికి థ్యాంక్స్ చెప్పలేదన్న వెలితి ఉండిపోయింది, అందుకే ఇది.

ముందు మా పక్కింటి పెద్దమ్మకి. నా ఆధార్, పాసుబుక్కు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు కవర్లో చుట్టి ఆరు నెలలు తన బియ్యం డబ్బాలో అడుగున దాచింది. "ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకో బిడ్డా, ఎందుకని నేనడగ" అంది. ఇల్లు వదలాలనుకున్న ఆ రాత్రి తీసుకున్నాను. నా ఫోన్ అప్పటికే గోడకి తగిలి ముక్కలైంది. పెద్దమ్మ ఫోన్ నుంచే ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి చేశాను. అంతకుముందు ఒకసారి స్టేషన్‌కి పోతే "మొగుడూ పెళ్ళాల గొడవ, పొద్దునకి సర్దుకుంటది" అని తిప్పి పంపారు. ఇక్కడా అదే అంటారనుకున్నా. ఫోనెత్తిన అమ్మాయి దెబ్బ ఎక్కడ తగిలింది, పిల్లలు ఎక్కడున్నారు, ఆయన ఇప్పుడు నిద్రపోయాడా అని అడిగింది. బండి పంపిస్తామంది. వాడలో బండి చప్పుడైతే లేస్తాడని నేనే వద్దన్నాను. తెల్లారి మొదటి బస్సు దిగాక, ఆపదలో ఉన్న ఆడవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్‌కి ఎటు నడవాలో రెండుసార్లు చెప్పి, నాతో తిరిగి చెప్పించుకుంది.

బస్సులో నాకూ పాపకీ జీరో టికెట్. బాబుకి ఏడేళ్ళు, వాడికి హాఫ్ టికెట్ కొట్టాలి. నా దగ్గర రూపాయి లేదు. కండక్టరమ్మ నా పెదవి వంక చూసింది. మిషన్‌లోంచి టికెట్ తీసి బాబు చేతిలో పెట్టింది. తన పర్సులోంచి డబ్బులు తీసి బ్యాగులో వేసుకుని ముందు సీటుకి వెళ్ళిపోయింది.

సఖిలో ఐదు రోజులున్నాం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడం, గృహహింస చట్టం కింద డీఐఆర్ (ఇంట్లో జరిగిన హింస మీద రాసే రిపోర్టు) రాయించడం, లాయర్‌ని చూపించడం అన్నీ వాళ్ళే చేశారు. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ లాయర్‌ని ఉచితంగా ఇస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. అవన్నీ ఒక ఎత్తు. రెండో రోజు పొద్దున మావాడు పక్క తడిపి, దుప్పటి కిందే ముడుచుకుని లేవనంటే లేవనన్నాడు. అక్కడ పనిచేసే ఆయమ్మ వచ్చి చూసి, "అయ్యో, రాత్రి నీళ్ళ సీసా మూత సరిగ్గా పెట్టలేదురా నేను" అంటూ దుప్పటి చుట్టుకుని పోయింది. వాడు అప్పుడు లేచాడు. కౌన్సెలర్ మేడమ్ పాపతో విడిగా మాట్లాడాకే నాకో సంగతి తెలిసింది. గొడవ మొదలవ్వగానే టీవీ సౌండ్ పెంచేది తమ్ముడికి వినపడకూడదనట. టీవీ పిచ్చి అని దాన్ని ఎన్నిసార్లు తిట్టానో.

ఆ తర్వాత అసలు టెన్షన్ టీసీలు. ప్రైవేటు స్కూలు వాళ్ళు తండ్రి సంతకం కావాలన్నారు. "టీసీ లేకుండా ఎక్కడ చదివిస్తదో చూద్దాం, తనే వస్తది" అని మా అత్తమ్మ కబురు పంపింది. దాచుకోవడం ఎందుకు, తిరిగి పోదామనే అనుకున్నా. దెబ్బలకి లొంగనిదాన్ని చదువు ఆగిపోతుందంటే లొంగేదాన్నే. లాయరమ్మ 2009 విద్యాహక్కు చట్టం తీసి ఐదో సెక్షన్ చదివి వినిపించింది. టీసీ ఆలస్యమైందని సర్కారు బడి పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదు. ఆ జిరాక్సు పట్టుకుని వెళ్ళాను గానీ హెడ్మిస్ట్రెస్ మేడమ్ దాన్ని చూడనే లేదు. పేర్లు రాసుకుంటూ తండ్రి ఫోన్ నంబర్ దగ్గర పెన్ను ఆపి, నా మొహం చూసి, అడ్డగీత కొట్టి ముందుకెళ్ళింది. తర్వాత గేటు దగ్గర కూర్చుని బియ్యం ఏరుకుంటున్న వంట అక్కని పిలిచి, "వీళ్ళమ్మ తప్ప ఎవరొచ్చినా నాకు చెప్పకుండా పంపొద్దు" అంది.

మా పొదుపు సంఘం వాళ్ళకీ దండాలు. నేను ఊరొదిలాక నా లోను కిస్తీ మూడు నెలలు తలా కొంత వేసుకుని కట్టారు. నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అందులో ఇద్దరు అప్పట్లో నన్ను సర్దుకుపొమ్మన్నవాళ్ళే. వాళ్ళకీ థ్యాంక్స్, కాస్త తక్కువ.

ఇప్పుడు అద్దె గదిలో ఉంటున్నాం. బట్టలు కుడుతున్నాను. రక్షణ ఉత్తర్వు వచ్చింది. ఖర్చులకి నెలనెలా డబ్బివ్వాలన్న ఆర్డరూ అయింది, రెండు నెలలు వచ్చి ఆగింది. ఇలాంటి కేసు అరవై రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉందట. మాది పదో నెల.

మిగతా అందరినీ ఎలాగో కలిసి చెప్పగలను, ఒక్క కండక్టరమ్మ తప్ప. పేరు అడగలేదు. ఆ రోజు వాన పడుతోంది, ఆమె యూనిఫామ్ మీద మెరూన్ స్వెటర్ వేసుకుంది. అమ్మా, బాబు టికెట్ ఇప్పుడు నేనే కొంటున్నాను. మీ డబ్బులు చిల్లరగా విడిగా పెట్టుకుని తిరుగుతున్నాను, ఏ బస్సులోనైనా కనిపిస్తారని.