ఓడ నమూనాకు సూపర్ గ్లూ వద్దు

సంపాదకులకు,

దెబ్బతిన్న చెక్క తెరచాప ఓడ నమూనాను బాగుచేయాలంటే చాలామంది ముందు సూపర్ గ్లూ అందుకుంటారు. దయచేసి వద్దు. అది పెళుసుగా గట్టిపడుతుంది, చుట్టూ తెల్లటి మరక మిగులుస్తుంది, విప్పదీయడం కష్టం. వడ్రంగులు వాడే తెల్ల జిగురే మేలు. అతుకు తప్పినా, పాత వార్నిష్‌కు తగలకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపితే మెత్తబడుతుంది.

విరిగిన తెరచాప కొయ్యకు జిగురొక్కటే చాలదు. తాళ్ల బిగువుకు మళ్లీ ఊడుతుంది. విరిగినచోట రెండు కొసల్లోనూ 1 మి.మీ. రంధ్రం చేసి, ఇత్తడి తీగ ముక్క దూర్చి అతికించి, 24 గంటలు కదపకూడదు.

తాళ్లు విప్పేముందు ఫొటోలు తప్పనిసరి. తిరిగి కట్టేటప్పుడు కుడివైపొకటి, ఎడమవైపొకటి చొప్పున బిగించాలి. ఒకపక్కే లాగితే కొయ్య వాలిపోతుంది. పాత తెరచాపలను ఉతకొద్దు, పోగులు విడిపోతాయి. దుమ్ముకు మెత్తటి కుంచె చాలు.

– ఒక పాఠకుడు