సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇయ్యకు బిడ్డా

బిడ్డా ప్రసన్నా,

ఎట్లున్నవ్. మేమందరం బాగనే ఉన్నం, మీ అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎప్పటిలెక్కనే, జాను బైకు మళ్ల షెడ్డుకు పోయింది. నేను ఫోన్ చేస్తే నువ్వు డ్యూటీల ఉంటవ్, డ్యూటీ దిగినంక పడుకుంటవ్, వాట్సప్‌ల నీలం గీతలు పడతయ్ గానీ జవాబు రాదు. అందుకే గింత పొడుగు రాస్తున్న, తీరిక దొరికినప్పుడు చదువు. కోపమేం లేదు, ఊకెనే రాస్తున్న.

ఇక్కడ ఎండలు అప్పుడే దంచుతున్నయ్. డాక్టర్ చెప్పిండని పొద్దుగాల ఉదయసముద్రం కట్ట దిక్కు నడుస్తున్న, మీ అమ్మను రమ్మంటే రాదు. చర్చికి సున్నాలు ఏస్తుండ్రు, రంగు ఏదన్న దానికే కమిటీల రెండు పార్టీలైనయ్. అట్లనే మొన్న క్లాక్ టవర్ కాడ లిల్లి చిన్నమ్మ కలిసింది. "ప్రసన్న జర్మనీ పోతుందంట గదా బావా, పైసలు గూడ కట్టిందంట" అన్నది. నేను ఆఁ ఆఁ అన్న. ఏమంట మరి, కన్నతండ్రికి తెల్వదని నడిబజార్ల చెప్పుకుంటమా.

నిజమో కాదో నాకు తెల్వదు. చిన్నమ్మ మాటల సగం తీసెయ్యాలె, అది నీకూ తెలుసు. నేను పోవద్దంటలేను, అది ముందు మంచిగ విను. జర్మనీ పో, లండన్ పో, బీఎస్సీ నర్సింగ్ నాలుగేండ్లు చదివించింది ఇంట్ల కూసోబెట్టనీకి కాదు. కాకపోతే గింత తొందర ఎందుకొచ్చిందా అని. నీ రూముల ఇద్దరు పిల్లలు పోయిండ్రని జాను చెప్పిండు. వాళ్లు పోతే నువ్వు గూడ పోవాల్నా? లేకపోతే ఆ సూర్యాపేట పెండ్లి సంబంధమోళ్ల ముచ్చట మనసుల పెట్టుకున్నవా? వాళ్లు కాదన్నందుకు మనం దేశం ఇడిచిపోయే అవసరం లేదు బిడ్డా. ఆ సంగతి మల్ల ఎత్తనని మీ అమ్మకు మాట ఇచ్చిన, ఎత్తుతలేను.

రాత్రి అన్నం తింటున్నవా? నైట్ డ్యూటీల బిస్కెట్లు తిని చాయ్ తాగి గడుపుడు బందు చెయ్యి. జొన్న రొట్టెలు పంపుదమంటే మీ హాస్టల్ వార్డెన్ పార్శిళ్లు తీసుకోదట గదా.

సండే స్కూల్ల నువ్వే చెప్పేదానివి సౌలు రాజు కథ. గిల్గాలుల ఏడు దినాలు ఆగు, బలి నేనే వచ్చి అర్పిస్త అని సమూయేలు ప్రవక్త చెప్పి పోయిండు. ఒకదిక్కు ఫిలిష్తీయుల దండు, ఇంకోదిక్కు తన జనమే ఒక్కొక్కరు జారుకుంటుండ్రు, ఏడో దినం గూడ వచ్చింది, సమూయేలు జాడ లేదు. ఇగ సౌలే దహనబలి అర్పించిండు. అది అయిపోయిందో లేదో సమూయేలు రానే వచ్చిండు, తెలివితక్కువ పని చేసినవన్నడు. చిన్నప్పుడు నువ్వు "పాపం సౌలు ఏడు దినాలు ఆగిండు గదా నాయినా" అని కొట్లాడేదానివి. ఆగిండు, నిజమే. కానీ జనం చెదిరిపోతుండ్రని భయపడ్డడు, ఆ భయంతోని చేసిండు. మనసంత ఖాళీ అయిన హాస్టల్ మంచాల మీద పెట్టుకుని ప్రార్థన చేస్తే ఏం వినపడతది చెప్పు.

ఇంకోటి. ఈ మధ్య మనోళ్లందరికి ఒక అలవాటైంది, లోన్ సాంక్షన్ అయితే దేవుడు తలుపు తెరిచిండంటరు, ఏజెంట్ ఫోన్ చేస్తే దేవుడు తలుపు తెరిచిండంటరు. ఏజెంట్ పనే ఫోన్ చేసుడు. మొన్న కూటంల ఒకాయన కొత్త కారు మీద గూడ సాక్ష్యం చెప్పిండు, వాయిదాల కారే. నేను నవ్వు ఆపుకోలేక బయటికొచ్చిన, మీ అమ్మ ఇంటికొచ్చినంక తిట్టింది.

పెద్దనాయిన బత్తాయి తోట నీకు యాదికుందా? నువ్వు చిన్నగున్నవ్, చెట్టు కింద కూసోని కాయలు ఒలుసుకుంట చేతులన్ని జిగట చేసుకునేదానివి. అప్పుడు హైదరాబాద్ పండ్ల మార్కెట్ ఇంక కొత్తపేటల్నే ఉండె. సీజన్ కాపు ఇంక పిందె మీదున్నప్పుడే దళారి వచ్చి తోట మొత్తం గుత్తకు అడిగిండు. మేరీ అక్క పెండ్లి ముందుంది, పోయినేడు బోర్లు ఎండిన భయం మనసుల ఉంది, ఇప్పుడు ఇయ్యకపోతే మల్ల అడిగేటోడు ఉండడని పెద్దనాయిన ఒక్క రాత్రిల ఒప్పుకొని అడ్వాన్స్ తీసుకున్నడు. పెద్దమ్మ ఆగుమన్నది, ఒక్క ఆదివారం ప్రార్థన చేసి చెప్దమన్నది, వినలే. కాయ ఊరెటాల్లకు ఢిల్లీల రేటు లేసింది, లారీ మీద లారీ ఎల్లుతుంటే గట్టు మీద నిలబడి చూసుడే ఆయన పని. సరే, మరుసటేడు చూడు ముచ్చట. ఈసారి ఎవనికీ గుత్తకు ఇయ్యనన్నడు. టన్నుకు ఇంత అని తూకంల సూటు (తరుగు) పేరు మీద కోసేది వేరే ఉంటది, అది గూడ ఒప్పుకోనన్నడు. రేటు మంచిగనే వచ్చింది, అమ్మలే. ఇంకా పెరుగుతదన్నడు. రోజు పొద్దున ఒక్కో చెట్టు కాడికి పోయి కాయను అరచేతుల పట్టుకోని బరువు చూసుడు, బొటనవేలి గోరుతోని తోలు ఒత్తి చూసుడు, ఇంకో వారం ఇంకో వారం అనుడు. పెద్దమ్మ ఈసారి అమ్మెయ్యుమన్నది, అది గూడ వినలే. గాలివాన ఒకటి కొట్టింది, సగం కాయ నేల మీద. రాలిన కాయను జ్యూస్ బండ్లోళ్లు అగ్గువకు ఏరుకపోయిండ్రు.

ఆగినోనికీ పాయె, ఆగనోనికీ పాయె, మరి నాయిన ఈ కథ ఎందుకు చెప్పిండని నవ్వుతుంటవ్ ఇప్పుడు. నేను గూడ రాసినంక అదే అనుకున్న. కాని చూడు, రెండుసార్లు పెద్దనాయిన దళారి దిక్కే చూసిండు, ఒకసారి భయంతోని, ఒకసారి ఆశతోని. చెట్టు మీదున్న కాయ సంగతి చూడలే, ఇంట్ల ఆడమనిషి చెప్పింది వినలే. ఆగుడంటే ఊకె కూసునుడు కాదంటున్న, అంతే. జాను లెక్క "దేవుడే చూసుకుంటడు" అని పరీక్ష ఫీజు తారీఖు మర్చిపోవుడు గూడ కాదు.

నీ సంగతే తీస్కో. అక్కడ నర్సుగ చెయ్యాలంటే జర్మన్ భాష పరీక్షలు బీ1, బీ2 దాక పాస్ కావాలంటుండ్రు. దానికి ఎంత లేదన్న నెలలు పడతయ్. ఆ నెలలు నీకు దేవుడిచ్చిన టైమే అనుకో, చదువుకుంట ప్రార్థన చెయ్యి. భాష రాకున్నా రెండు నెలల్ల పంపిస్త అనేటోడు ఎవడైనా అబద్ధమే చెప్తుండు. మన రాష్ట్రంల టామ్‌కామ్ అని సర్కారుదే ఒకటుంది, నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతుండ్రు, అక్కడ అడిగినవా? ప్రైవేట్ ఏజెంట్ అయితే లైసెన్స్ నంబర్ ఉంటది, కేంద్ర సర్కారు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ల కొట్టి చూస్తే రిజిస్టర్ అయిండో లేదో తెలుస్తది. లైసెన్స్ ఉన్నోడు గూడ సర్వీస్ చార్జి కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దని రూలుంది. నువ్వు ఎంత కట్టినవో నాకు తెల్వదు, అడుగుతలేను. గల్ఫ్ అంటే ఇంకా గట్టి, సౌదీ, కువైట్ లాంటి దేశాలకు నర్సులు సర్కారు ఏజెన్సీల తోనే పోవాలె.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇయ్యకు. ఇచ్చినవా? ఇచ్చి ఉంటే ఈ రోజే పోయి తెచ్చుకో, నేను వెంట రావాల్నంటే పొద్దున బస్సుకే వస్త. పదో తరగతి మెమో మీద నీ పేరు తప్పు పడితే దిద్దించనీకి నేను ఎన్ని ఆఫీసులు తిరిగిననో నీకు తెల్వదు.

మీ అమ్మకు ఇంకా చెప్పలే. చెప్తే శుక్రవారం ఉపవాస కూటంల ప్రార్థన అంశం కింద పెడ్తది, సాయంత్రానికి నల్లగొండ అంతా తెలుస్తది. ఆమె మామిడికాయ తొక్కు పెట్టింది, నీకని చిన్న డబ్బాల తీసిపెట్టింది, ఈసారి ఉప్పు ఎక్కువైందని రోజూ అంటనే ఉంది, బాగనే ఉంది.

నైట్లు అయిపోంగనే రెండు రోజులు సెలవు పెట్టి రా. ఎల్‌బీ నగర్ల ఎక్కేటప్పుడు ఫోన్ చెయ్యి, బస్టాండుకు వస్త, ఆటోల రాకు. ఆ ఏజెంట్ ఇచ్చిన రసీదో అగ్రిమెంటో ఏమున్నా ఒక్క కాగితం ఇడువకుండ పట్టుకరా, ఇద్దరం కూసోని చదువుదం. పోతెనన్న పో, పోకుంటెనన్న ఉండు, కాగితం చదివినంకనే.

మీ నాయిన